తుఫాను రోజులకు ముందు: ఇంటి నుంచి కోడ్ రాసేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు దాటి ఒడిశాలోని గజపతి జిల్లాను వరదలతో, కొండచరియలతో అతలాకుతలం చేసింది. రెండూ దసరా రోజుల్లోనే. అందుకని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురంలో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు పనిచేసేవాళ్లు సెప్టెంబరులోనే సర్దుకోవడం మేలు. బియ్యం, కొవ్వొత్తుల సంగతి ఇంట్లో పెద్దవాళ్లు చూసుకుంటారు. ఇక్కడ కంప్యూటర్ గురించే.

ముందుగా వైఫై ఆపేసి, కంప్యూటర్లో ఉన్న ప్రాజెక్టును కొత్త ఫోల్డరులోకి క్లోన్ (కాపీ) చేసి, మొదటి నుంచి బిల్డ్ చేసి, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చి చూడండి. చాలామందికి ఇక్కడే బండారం బయటపడుతుంది. కోడంతా మన దగ్గరే ఉంటుంది, అది వాడుకునే లైబ్రరీలు (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) మాత్రం నెట్ నుంచి రావాలి. గో భాషలో ‘గో మాడ్ వెండర్’, రస్ట్ భాషలో ‘కార్గో వెండర్’ అనే కమాండ్ కొడితే అవి ప్రాజెక్టులోకే వచ్చేస్తాయి. కార్గో చివర్లో చూపించే లైన్లను కాన్ఫిగ్ ఫైల్లో పెట్టకపోతే మళ్లీ నెట్ కోసమే వెతుకుతుంది. పైథాన్ వాళ్లు ‘పిప్ డౌన్‌లోడ్’తో ప్యాకేజీలను ఒక ఫోల్డరులోకి దించుకోవచ్చు. జావాస్క్రిప్ట్ వాళ్లు వాడే నోడ్‌తోనే కాస్త తలనొప్పి: కొన్ని ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు విడిగా ఇంకో ఫైలు దించుకుంటాయి, అది క్యాష్‌లో (ముందు దించుకున్నవి దాచి ఉంచే చోట) ఉండదు.

కరెంటు సంగతి వేరు. డెస్క్‌టాప్ మీద పెద్ద సీ++ ప్రాజెక్టు కంపైల్ అవుతుండగా కరెంటు పోయిందనుకోండి. ఆ క్షణంలో కంపైలర్ రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైలు (ఒక్కో కోడ్ ఫైలు నుంచి తయారయ్యే ముక్క) సగంగానో, పూర్తి ఖాళీగానో మిగిలిపోవచ్చు. మనమే కంట్రోల్-సీ కొట్టి ఆపితే, బిల్డ్‌ను నడిపించే ‘మేక్’ ప్రోగ్రాం ఆ సగం ఫైలును తీసేస్తుంది గానీ, కరెంటు పోతే దానికి ఆ అవకాశమే ఉండదు. తర్వాత మేక్ చూసేది ఫైలు తేదీ, సమయమే. కొత్తగా ఉంది కదా అని దాన్ని వదిలేస్తుంది. చివరికి ఆ ముక్కలను కలిపే లింకర్ అర్థంకాని ఎర్రర్ ఇస్తుంది, మనం కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాం. కాబట్టి కరెంటు వచ్చాక ముందు ‘మేక్ క్లీన్’తో పాత ముక్కలన్నీ తీసేయండి, తర్వాతే మిగతావి. యూపీఎస్ ఉన్నది సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి, ఇంకో బిల్డ్ లాగించడానికి కాదు.

కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌కూ ఇదే గండం. 2.36 వెర్షన్ నుంచి ‘కోర్.ఎఫ్‌సింక్’ సెట్టింగ్ ఉంది. దాన్ని ‘ఆల్’ అని పెడితే రాసింది డిస్కులోకి చేరేలా గిట్ చూసుకుంటుంది, వేగం కాస్త తగ్గినా ఫర్వాలేదు. గాలివాన మొదలయ్యేలోపే మార్పులను సర్వర్‌కు పుష్ చేసేయండి. ‘గిట్ బండిల్’తో రిపో (ప్రాజెక్టు, దాని చరిత్ర) మొత్తాన్ని ఒకే ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. కమిట్ చేయని (గిట్‌లో నమోదు కాని) మార్పులు అందులోకి రావు. కంపెనీ కోడ్ అయితే పెన్‌డ్రైవ్‌కు ముందు మేనేజరును అడగండి, తుఫాను పోయినా ఆ టెన్షన్ పోదు.

వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చాక కంపైలర్‌నో, ఆపరేటింగ్ సిస్టమ్‌నో అప్‌గ్రేడ్ చేయకండి. ఉబుంటులో అది మధ్యలో ఆగిపోతే ‘డీప్యాకేజ్ కాన్ఫిగర్’తో సరిచేసుకోవచ్చు గానీ, మిగిలిన ప్యాకేజీలు దించుకోవాలంటే మళ్లీ నెట్ కావాలి. లాగిన్ ఓటీపీలు ఎస్‌ఎంఎస్‌కు వచ్చేవైతే ముందే ఆథెంటికేటర్ యాప్‌కు మార్చుకోండి. టవర్ బ్యాటరీ అయిపోతే ఎస్‌ఎంఎస్ రాదు, ఆ యాప్‌కు సిగ్నల్‌తో పనిలేదు.

ఉరుములు మొదలవకముందే చార్జరుతో పాటు రూటర్ నుంచి వచ్చే ల్యాన్ కేబుల్ కూడా పీకేయండి. చాలామంది చార్జరు ఒక్కటే తీస్తారు.