క్రిస్టల్ ఊడదీసే ముందు చూడాల్సినవి

మైక్రోకంట్రోలర్ బోర్డుకు కరెంటు ఇచ్చారు. ఎల్‌సీడీ మీద నల్ల గళ్లు తప్ప అక్షరం రాలేదు. అందరి చెయ్యీ ముందు క్రిస్టల్ మీదికే, అంటే చిప్పు నడకకు క్లాకు ఇచ్చే క్వార్ట్జ్ ముక్క మీదికే పోతుంది, చవకగా దొరుకుతుంది, మార్చడం తేలిక కాబట్టి. కానీ కింద పడితేనో, ఎక్కువసేపు ఐరన్ పెట్టి కాలిస్తేనో తప్ప అది అంత త్వరగా పోదు. దోషం సాధారణంగా దాని పక్కన ఉంటుంది: కెపాసిటర్లలో, రీసెట్‌లో, సెట్టింగుల్లో, బోర్డు మీది మురికిలో. విశాఖలో పనిచేసేవాళ్లు ఆ చివరిదాన్ని చివర పెట్టకూడదు.

ముందు కొలిచే పద్ధతి సరిచేసుకోవాలి. మల్టీమీటర్ కంటిన్యుటీలో క్రిస్టల్ రెండు కాళ్ల మధ్య ఏమీ చూపించకపోవడమే సరైన ఫలితం, బీప్ వస్తే పారేయండి. ఓసిల్లోస్కోప్ ప్రోబును నేరుగా క్రిస్టల్ కాలి మీద పెడితే కొలత కన్నా గొడవ ఎక్కువ. ప్రోబు స్విచ్చు X10లో ఉంటే అది 10 నుంచి 15 పికోఫారడ్ల కెపాసిటెన్స్ కలుపుతుంది, X1లో అది వంద దాకా పోతుంది. ఆ బరువుకు బాగా నడిచే ఓసిలేటర్ (క్రిస్టల్‌ను ఊపే సర్క్యూట్) కూడా ఆగిపోవచ్చు. తప్పనిసరైతే X10లో పెట్టి, ఇన్‌పుట్ కాలు వదిలేసి అవుట్‌పుట్ కాలి మీద, అంటే XTAL2 మీద చూడండి.

అంతకన్నా మంచిది, క్రిస్టల్‌ను ముట్టుకోకుండా వేరేచోట కొలవడం. కాలేజీ ప్రాజెక్టుల్లో ఇప్పటికీ కనిపించే ఏటీ89ఎస్52 మైక్రోకంట్రోలర్‌లో 30వ పిన్ను, ఏఎల్ఈ, క్లాకులో ఆరో వంతు ఇస్తుంది. 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే అక్కడ 1.8432 మెగాహెర్ట్జ్ రావాలి. స్కోపు లేకపోతే మల్టీమీటర్ డీసీలో పెట్టండి: పల్సు మూడో వంతు సమయమే పైన ఉంటుంది కాబట్టి 5 వోల్టుల సప్లయికి ఒకటిన్నర, రెండు వోల్టుల మధ్య కనబడుతుంది. కదలకుండా 5 వోల్టుల దగ్గర ఉంటే క్రిస్టల్‌ను తిట్టకండి, ముందు 9వ పిన్ను, అంటే రీసెట్, చూడండి. రీసెట్ పైనే ఉండిపోతే ఏఎల్ఈ కూడా కదలదు. రీసెట్ దగ్గరి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ లీకవడం, 10 కిలోఓముల రెసిస్టర్ సోల్డర్ పట్టకపోవడం ఇక్కడ తరచుగా జరిగేవి.

ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీ చిప్పులో క్లాకు బయటికి తెచ్చే ఫ్యూజ్ (లోపలి సెట్టింగు బిట్టు) ఒకటి ఉంది, సీకేఅవుట్. దాన్ని ఆన్ చేస్తే 14వ పిన్ను మీద క్లాకు వస్తుంది. అదే ఫ్యూజుల్లో పొరపాటున ఎక్స్‌టర్నల్ క్లాక్ ఎంచుకుంటే మాత్రం ఎంత మంచి క్రిస్టల్ పెట్టినా చిప్పు ప్రోగ్రామర్‌కు కూడా పలకదు. చచ్చిపోయిందనుకుని పక్కన పడేస్తారు. ఈ చిప్పు 9వ పిన్నుకు, అంటే క్రిస్టల్ ఇన్‌పుట్ కాలికి, ఇంకో ఆర్డుయినో నుంచి స్క్వేర్ వేవ్ ఇవ్వండి, లేచి కూర్చుంటుంది. అప్పుడు ఫ్యూజులు సరిచేయండి.

ఇక క్రిస్టల్ రెండు కాళ్ల నుంచి గ్రౌండుకు పెట్టే కెపాసిటర్లు. లెక్క చిన్నదే: క్రిస్టల్ డేటాషీట్‌లోని లోడ్ కెపాసిటెన్స్ (సరైన ఫ్రీక్వెన్సీకి దానికి కావాల్సిన కెపాసిటెన్స్) నుంచి బోర్డు, పిన్నుల కెపాసిటెన్స్ 3 నుంచి 5 పికోఫారడ్లు తీసేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేయాలి. 20 ఉన్న క్రిస్టల్‌కు 30, 18 ఉన్నదానికి 27 చుట్టూ వస్తాయి. ఇక్కడ అసలు తంటా లెక్కతో కాదు, కెపాసిటర్ మీది అంకెలతో. 22 అన్నా 220 అన్నా 22 పికోఫారడ్లే. 221 అంటే 220 పికోఫారడ్లు. 223 అంటే 22 నానోఫారడ్లు, ఇది పెడితే ఓసిలేటర్ లేవదు. డబ్బాలో అన్నీ కలిసిపోయిన చోట ఈ తప్పు చూపుకు దొరకదు, మీటర్‌తో కొలవాల్సిందే.

సీరియల్ మానిటర్‌లో చెత్త అక్షరాలు వస్తున్నాయా? అప్పుడు ఓసిలేటర్ నడుస్తూనే ఉంది, ఫ్రీక్వెన్సీ తప్పు. 11.0592కు రాసిన 9600 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) ప్రోగ్రాము 12 మెగాహెర్ట్జ్ మీద నడిస్తే 10416 అవుతుంది, ఎనిమిదిన్నర శాతం తేడా. అలాగే 48 మెగాహెర్ట్జ్ అని రాసిన క్రిస్టల్ 16 దగ్గర ఊగుతోందంటే అది థర్డ్ ఓవర్‌టోన్ రకం, అంటే అసలు ఊపుకు మూడు రెట్ల దగ్గర నడపాల్సినది. దానికి ఇండక్టర్‌తో కూడిన సర్క్యూట్ కావాలి.

వేలు పెడితే నడిచి, తీస్తే ఆగిపోయే బోర్డు అన్నిటికన్నా స్పష్టంగా మాట్లాడుతుంది. అంటే ఓసిలేటర్ అంచున ఉంది: కెపాసిటర్ విలువ సరిపోలేదు, లేదా సోల్డర్ సరిగా పట్టలేదు, లేదా లీకేజీ ఉంది.

ఈ లీకేజీయే సముద్రం ఒడ్డు ఊళ్ల రోగం. పెదజాలరిపేట, లాసన్స్ బే వైపు కిటికీ తెరిచి పెట్టిన బోర్డు మీద ఉప్పు పొర చేరుతుంది. పోర్టు దగ్గరి పాత ఊళ్లో బొగ్గు ధూళి తోడవుతుంది, అది కరెంటును దాటనిస్తుంది. తుడవకుండా వదిలేసిన ఫ్లక్స్ తేమను పీల్చుకుంటుంది. మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లు దీన్ని కొంత తట్టుకుంటాయి. 32.768 కిలోహెర్ట్జ్ గడియారం క్రిస్టల్ తట్టుకోలేదు, ఎందుకంటే దాని ఫీడ్‌బ్యాక్ రెసిస్టెన్స్ మెగాఓముల్లో ఉంటుంది, ఆ పొర కూడా అదే స్థాయిలో కరెంటు లాగేస్తుంది. పొద్దున ఆగి, మధ్యాహ్నం ఎండకి నడిచే ఆర్టీసీ (రియల్ టైమ్ క్లాక్, అంటే గడియారం) బోర్డు చూస్తే ఇదే మొదట గుర్తుకు రావాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో క్రిస్టల్ కాళ్ల మధ్య, చిప్పు కింద రుద్దండి. హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా ఆరబెట్టండి. నడిస్తే పైన కన్ఫార్మల్ కోటింగ్, అంటే తేమ తగలనివ్వని పూత, వేయండి. తడి ఆరకముందే కోటింగ్ వేస్తే తేమను లోపల బంధించినట్టే. అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో మాత్రం వేయకండి, గడియారం క్రిస్టల్‌లోని చిన్న ఫోర్కు ఆకారపు క్వార్ట్జ్ విరగొచ్చు.

డీఎస్1307 అనే గడియారం చిప్పు ఉన్న మాడ్యూల్ విషయంలో ఇంకో రెండు మాటలు. కొత్తగా కరెంటు ఇచ్చినప్పుడు దాని ఓసిలేటర్ ఆగి ఉండొచ్చు: సున్నా రిజిస్టరులో ఏడో బిట్టు 1 అయితే నిలిచిపోతుంది, దాన్ని 0 చేయాలి. 12.5 పికోఫారడ్ల క్రిస్టలే వాడాలి, బయట కెపాసిటర్లు పెట్టకూడదు. 07 రిజిస్టరులో హెక్స్ 13 రాసి, 7వ పిన్నుకు 10 కిలోఓముల పుల్‌అప్ పెడితే 32.768 కిలోహెర్ట్జ్ బయటికి వస్తుంది, అక్కడే కొలవండి. గడియారం వేగంగా పోతుంటే పక్కనుంచి నాయిస్ చేరుతోంది, క్రిస్టల్ కింద సిగ్నల్ ట్రాకులు ఉన్నాయేమో చూడండి. మెల్లగా పోతే ఎండను కూడా లెక్కలో వేసుకోవాలి: 25 డిగ్రీలకు కుదిర్చిన క్రిస్టల్ పెట్టెలో 45 డిగ్రీలకు చేరితే పది లక్షల్లో 14 వంతులు వెనకబడుతుంది, రోజుకు సుమారు 1.2 సెకన్లు.

ఇవన్నీ అయ్యాక కూడా అనుమానం మిగిలితే క్రిస్టల్‌ను మార్చి చూడండి. 16 మెగాహెర్ట్జ్ దానిలోని క్వార్ట్జ్ పలక మందం దాదాపు 0.1 మిల్లీమీటరే, టేబుల్ మీంచి నేలకు పడినా పగలొచ్చు. కొత్తది బాగా నిలిచిందో లేదో తేల్చుకోవాలంటే దానితో సిరీస్‌లో ఒక రెసిస్టర్ పెట్టండి, విలువ క్రిస్టల్ లోపలి సిరీస్ రెసిస్టెన్స్ అయిన ఈఎస్‌ఆర్‌కు ఐదు రెట్లు ఉండాలి. 40 ఓముల దానికి 200 ఓములు. అయినా ప్రతిసారీ లేస్తే రెసిస్టర్ తీసేసి బోర్డు మూసేయండి. ఒక్కసారి మొండికేసినా కెపాసిటర్లు తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి.