తెలుగు బైబిల్‌లో "మరుగు" కింద ఏ గ్రీకు మాట ఉందో కనుక్కోవడం ఎలా?

కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగినప్పుడు ఊపులో ఒక మాట అనేశాను. మత్తయి 5:14లో కొండమీది పట్టణం "మరుగైయుండనేరదు" అని ఉంది, 10:26లో "మరుగైనదేదియు బయలుపరచబడకపోదు" అని ఉంది, రెండుచోట్లా అదే మాట కాబట్టి ప్రభువు ఒకే సంగతిని రెండుసార్లు చెప్తున్నారని వివరించాను. అందరూ తలలూపారు. కూటం అయ్యాక టీ తాగుతుంటే ఒక పెద్దాయన పక్కకి పిలిచి, "బాబూ, గ్రీకులో ఆ రెండూ ఒకటి కాదు, ఒకసారి చూసుకో" అన్నారు. ఆ రాత్రే కూర్చుని చూశాను. నిజంగానే కాదు.

అప్పటినుంచి నేను పాటించే పద్ధతి ఇది. గ్రీకు రానక్కర్లేదు, అక్షరాలు గుర్తుపట్టలేకపోయినా పని జరుగుతుంది. ఇంట్లో ఉండే పాత తెలుగు బైబిల్, ఫోన్‌లో ఏదో ఒక ఇంటర్‌లీనియర్ యాప్, ఒక తెల్ల కాగితం చాలు. ఇంటర్‌లీనియర్ అంటే గ్రీకు వచనం మాటమాటా విడదీసి, ఒక్కో మాటకి ఇంగ్లిష్ అర్థం, ఒక నంబర్ ఇచ్చే బైబిల్. ఆ నంబర్లు జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ప్రచురించిన పదసూచికలోవి, అందుకే వాటిని స్ట్రాంగ్స్ నంబర్లు అంటారు. మనం "దాచు" అనే అర్థం వచ్చే క్రియ క్రుప్టోని తీసుకుందాం. దాని నంబర్ 2928.

మొదటి పని: తెలుగు మాటని పట్టుకుని వెతకొద్దు, వచనం పట్టుకుని వెతకండి. నేను బోల్తా పడింది ఇక్కడే. కాగితం మీద మూడు వచనాలు రాసుకోండి: మత్తయి 5:14, మత్తయి 10:26, మార్కు 7:24. మూడింటిలోనూ మన తెలుగు బైబిల్‌లో "మరుగు" ఉంది, మార్కులోనైతే యేసు తూరు ప్రాంతంలో ఒక ఇంట్లోకి వెళ్లి ఎవరికీ తెలియకూడదనుకున్నా "మరుగై యుండలేకపోయెను" అని, దాదాపు కొండమీది పట్టణం మాటే. ఇప్పుడు యాప్‌లో ఒక్కొక్కటే తెరిచి నంబర్ చూడండి. మొదటిదానికి 2928 క్రుప్టో, రెండోదానికి 2572 కలుప్టో, మూడోదానికి 2990 లన్‌థానో. ఒక్క తెలుగు మాట కింద మూడు గ్రీకు క్రియలు! అనువాదకుల తప్పేమీ కాదు, మన భాషలో "మరుగు" అంత విశాలమైన మాట.

రెండో పని దీనికి తలకిందులు: 2928 నంబర్ నొక్కి, అది వచ్చిన వచనాలన్నీ తెప్పించి, వాటి తెలుగు చదవండి. భయపడకండి, కొత్త నిబంధన మొత్తంలో ఇరవైకి లోపే. ఒక యాప్‌లో ఒక లెక్క, ఇంకో యాప్‌లో ఇంకో లెక్క కనిపిస్తే టెన్షన్ పడొద్దు. కొన్ని ప్రతుల్లో మత్తయి 11:25 లాంటి చోట క్రుప్టో ఉంటే కొన్నింటిలో అపోక్రుప్టో ఉంటుంది, తేడా అక్కడ వస్తుంది. అసలు చూడాల్సింది వేరే. మత్తయి 13:44లో పొలంలో "దాచబడిన" ధనం, యోహాను 19:38లో "రహస్యముగా" శిష్యుడైన అరిమతయియ యోసేపు, ప్రకటన 2:17లో "మరుగైయున్న" మన్నా. తెలుగులో మూడు వేరువేరు మాటలు, గ్రీకులో మూడూ క్రుప్టో నుంచి వచ్చిన ఒకే విశేషణ రూపం, విభక్తి చివర్లు మాత్రమే మారతాయి. ముందే దాచారు, ఇంకా దాగే ఉంది అని ఆ రూపం చెప్తుంది. కొలొస్సయులకు 3:3లో "దాచబడియున్నది" అన్నచోట కూడా కాలం అదే, ఆ "యున్నది" ఊరికే పెట్టింది కాదు.

మూడో పని మీద కాసేపు కూర్చోండి, నాకు అన్నింటికంటే ఇష్టమైంది ఇదే. ప్రతి వచనం పక్కన ఎవరు దాచారు, దేన్ని, ఎవరి కంట పడకుండా, ఎందుకు అని రాసుకోండి. ఇక్కడ మన తెలుగు ఇంగ్లిష్ కంటే బాగా పనికొస్తుంది, ఎందుకంటే మనకి దాచు, దాగు అని రెండు క్రియలున్నాయి, ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట. యోహాను 8:59లో దేవాలయంలో తనని కొట్టడానికి రాళ్లెత్తినప్పుడు యేసు "దాగి" వెళ్లిపోయారు అంటుంది తెలుగు. హెబ్రీయులకు 11:23లో మోషేని తలిదండ్రులు మూడు మాసాలు "దాచిపెట్టిరి" అంటుంది. రెండుచోట్లా గ్రీకులో ఉన్నది ఎక్రుబే అనే ఒకే రూపం. దాగాడు అనైనా చదవొచ్చు, దాచబడ్డాడు అనైనా చదవొచ్చు. మూడు నెలల పసివాడు తనంతట తాను దాక్కోలేడు కాబట్టి అక్కడ అర్థం దానంతట అదే తేలిపోతుంది, దేవాలయంలో మాత్రం ఎటు తీసుకోవాలో చదివేవాళ్లే తేల్చుకోవాలి. నేను "దాగి" వైపే ఉంటాను, పక్కవాక్యంలోనే బయటికి వెళ్లిపోయారని ఉంది కాబట్టి.

"ఎందుకు" అన్న గడి నిండుతున్నకొద్దీ ఒక సంగతి బయటపడుతుంది. మత్తయి 25:25లో తలాంతుని, అంటే యజమాని అప్పగించిన డబ్బుని, పాతిపెట్టినవాడు "నేను భయపడి" దాచాను అంటాడు. పాత నిబంధన హెబ్రీలో రాసింది కాబట్టి ఈ నంబర్లు అక్కడ పనిచేయవు గానీ, సెప్టువజింతు అనే పాత గ్రీకు అనువాదం తెరిస్తే ఆదికాండము 3:10లో ఆదాము చెప్పేదీ ఇదే జత, భయపడి దాగుకొంటిని అని, ఇదే క్రియతో. మోషే తలిదండ్రులది మాత్రం రివర్స్, రాజాజ్ఞకు "భయపడక" దాచారు. ఒక్క "మరుగు" అనే మాటని నమ్ముకుంటే ఇదంతా కనపడేది కాదు.

నాలుగోది, క్రియకి ముందు తగిలించిన ముక్కని చూడండి. మత్తయి 13:33లో స్త్రీ పుల్లని పిండిని మూడు కుంచాల పిండిలో దాచిపెట్టింది అన్నచోట నంబర్ 2928 కాదు, 1470 ఎన్‌క్రుప్టో. "ఎన్" అంటే లోపల. మూడు కుంచాలు అంటే అక్కడి కొలతలో దాదాపు 40 లీటర్ల పిండి, ఊరందరికీ రొట్టెలు చేసేంత. మా ఇంట్లో దోసెల పిండి రుబ్బాక చలికాలంలో నిన్నటి పులిసిన పిండి ఒక గరిటె వేసి కలుపుతారు, కలిపాక ఆ గరిటెడు ఎక్కడుందో చూపించమంటే ఎవరి తరమూ కాదు, తెల్లారేసరికి గిన్నె మూత లేచి పిండి గట్టు మీద ఉంటుంది. ధనాన్ని దాచినవాడు మళ్లీ వచ్చి తవ్వుకోగలడు, ఈమె దాచింది వెనక్కి తీయడానికి లేదు. ఇంకో ముక్క "పెరి", అంటే చుట్టూ. లూకా 1:24లో ఎలీసబెతు అయిదు నెలలు "ఇతరుల కంటబడకుండెను" అన్నచోట పెరిక్రుప్టో ఉంది, నంబర్ 4032. తెలుగులో దాగడం అన్న మాటే లేదు చూడండి, నంబర్ చూడకపోతే ఈ వచనం మీ లిస్టులోకే రాదు.

ఐదు: పక్కింటి మాటలతో పోల్చడం. కలుప్టో అంటే మీద కప్పడం, అలలు దోనెని కప్పినా, దీపాన్ని పాత్రతో కప్పినా, ప్రేమ పాపాలను కప్పినా అదే మాట. లన్‌థానో అంటే ఎవరూ గమనించకపోవడం, హెబ్రీయులకు 13:2లో "ఎరుగకయే" దేవదూతలకు ఆతిథ్యమిచ్చారన్న చోట కూడా అదే. తేడా ఒక్కసారి చూడాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. లూకా 23:30లో జనం కొండలతో "మమ్ము కప్పుడి" అంటారు, కలుప్టో. ప్రకటన 6:16లో బండలతో "మమ్మును మరుగు చేయుడి" అంటారు, క్రుప్టో. మొదటివాళ్లకి మీద ఏదైనా పడితే చాలు, రెండోవాళ్లకి సింహాసనం మీద కూర్చున్నవాడి కంట పడకుండా ఉండాలి, అదే వాక్యంలో ఆ మాట కూడా ఉంది.

ఒక జాగ్రత్త. ఈ కుటుంబం మాటలు మన చుట్టూ చాలా ఉన్నాయి: క్రిప్టోకరెన్సీ, 1898లో దొరికిన క్రిప్టాన్ వాయువు, కలుప్టో వైపునుంచి యూకలిప్టస్, అదే మన ఊళ్లలో జామాయిల్ చెట్టు, మొగ్గ మీద మూత ఉంటుందని ఆ పేరు పెట్టారు. వినడానికి సరదాగా ఉంటుంది, కానీ వీటి అర్థాన్ని వెనక్కి మోసుకెళ్లి వచనంలో పెట్టకండి. ప్రసంగాల్లో ఇది తెగ జరుగుతోంది, "గ్రీకులో క్రిప్టో, అంటే కోడ్ భాష" అని. పొలంలో పాతిన డబ్బుకి కోడ్ ఏముంది?

చివరగా, తేలిన అర్థాన్ని వచనంలో పెట్టి మొత్తం చదవండి, అతకకపోతే ఎక్కడో తప్పు చేసినట్టే. యోహాను 19:38నే తీసుకోండి. "రహస్యముగా శిష్యుడు" బదులు "యూదుల భయంవల్ల దాగి ఉన్న శిష్యుడు" అని పెట్టి చదివితే, భయం, దాగడం మళ్లీ జతగా కనిపిస్తాయి, ఆదాములాగే, తలాంతువాడిలాగే. అయితే వాక్యం అక్కడ ఆగదు, ఆ దాగినవాడే పిలాతు దగ్గరికెళ్లి యేసు దేహం అడుగుతాడు. ఇదే సంగతి మార్కు 15:43లో కూడా ఉంది, అక్కడ యోసేపు గురించి తెలుగు బైబిల్ వాడిన మాట "తెగించి".