పాత నాటకాల మీద వ్యంగ్యచిత్రం: సైడు వింగులోంచి గీయాలి

ప్రేక్షకుల వైపునుంచి చూస్తే రాజు రాజులాగే ఉంటాడు, నవ్వు పుట్టదు. అందుకే బొమ్మను సైడు వింగులోంచి, అంటే వేదిక పక్క చాటునుంచి చూస్తున్నట్టు కట్టండి. అట్ట కిరీటానికి వెనక కట్టిన పురికొస, తెర చాటున పుస్తకం పట్టుకుని మాటలందించే ప్రాంప్టరు, చుట్ట ఆర్పుతున్న సత్యభామ, అన్నీ అక్కడే దొరుకుతాయి.

ముందు కాలం తేల్చుకోండి. విజయనగరంలో కన్యాశుల్కం తొలిసారి ఆడిన 1892 నాటి వేదికైతే మైకు, బల్బు, పెట్రోమాక్సు ఏవీ గీయకూడదు, కిరసనాయిలు దీపాలే. వాటిని కింద పెడితే వెలుగు గడ్డం కిందనుంచి పడి, తెర మీద నీడ మనిషికంటే పెద్దదవుతుంది. వ్యంగ్యానికి ఇంతకన్నా మంచి సరుకు లేదు. తర్వాతి కాలమైతే పెట్రోమాక్సును పైన వేలాడదీయండి, నీడ ముక్కు కిందికి దిగుతుంది.

కాగితం ఏ3, 150 జీఎస్‌ఎంకి (చదరపు మీటరుకు గ్రాముల బరువు) తగ్గొద్దు. పల్చనిదైతే తడికి ముడతలు పడుతుంది. ముఖ్య పాత్ర 24 సెంటీమీటర్లు, అందులో తల 7. మిగతావాళ్ల ఎత్తు ముఖ్య పాత్రలో సగం. అందరి తలలూ పెంచితే ఎవరి మీదా చూపు నిలవదు.

ఒక్క బొమ్మకు ఒక్క జబ్బే. పద్యం మళ్లీ పాడమని జనం అరిచే వన్స్‌మోర్ పిచ్చి అనుకోండి: చచ్చి పడ్డ వీరుడు పద్యం మళ్లీ ఎత్తుకోవడానికి మోచేతి మీద లేస్తాడు, ఒక చెయ్యి చెవి దగ్గర. చంపినవాడు కత్తి దించి ఆవలిస్తుంటాడు. మగవాడు ఆడవేషం కట్టాడని నవ్వించడం మాత్రం చవకబారు పని. ఆనాటి మేటి నటులూ ఆ వేషాలు కట్టారు.

హార్మనీ దగ్గర చాలామంది తప్పుతారు. చేతి పెట్టైతే ఒక చెయ్యి మెట్ల మీద, రెండోది వెనక తిత్తి మీద. కాళ్లతో తొక్కే లెగ్ హార్మనీకే రెండు చేతులూ మెట్ల మీదుంటాయి. నేల క్లాసులో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే శ్రీకాకుళం ముసలమ్మను పెడితే నిప్పు బయటికి కనబడకూడదు, పొగ చాలు.

హెచ్‌బి పెన్సిలుతో గీసి, పాళీతో నీళ్లకు చెదరని ఇండియన్ ఇంకు వేయండి. ఫౌంటెన్ పెన్ను సిరా వాడితే పైన వాష్ (నీళ్లు కలిపిన ఇంకు పూత) పడగానే గీత కరిగి మొహం మసిబారుతుంది. ఇంకు ఆరాకే రబ్బరు: ఎండల్లో అరగంట, కళింగపట్నం లాంటి సముద్రపుగాలి ఊళ్లలో, ముసురు రోజుల్లో రెండు గంటలు. వాష్‌కు చుక్క ఇంకుకు పది చుక్కల నీళ్లు; ముదురు నీడకు మూడు చాలు. లేతది పూర్తిగా ఆరకుండా ముదురు వేస్తే అంచులు పాకిపోతాయి.

వ్యాఖ్య ఆఖరున రాయండి. రాజుకు గ్రాంథికం, తెరలాగేవాడికి మన ఉత్తరాంధ్ర యాస: "సచ్చిపోనాడు గదేటి, మల్లీ లెగిసినాడు?" అక్షరం ఎత్తు 8 మిల్లీమీటర్లుండాలి. అచ్చులో బొమ్మ సగానికి తగ్గినా చదవొచ్చు.