ఊపిరితిత్తిలో కాల్షియం ఉన్న గడ్డ: పాత టీబీ మచ్చేనా?

సీటీ రిపోర్టులో 'కాల్సిఫికేషన్' అని ఉంటే, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చాలామంది పాత టీబీ మచ్చే అనుకుని ఊరుకుంటారు. ఎక్కువసార్లు అది నిజమే. కానీ మెల్లగా పెరిగే కొన్ని గడ్డల్లోనూ కాల్షియం, ఒక్కోసారి ఎముక కూడా ఏర్పడుతుంది.

సమస్య: ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ, మనిషికి ఏ బాధా లేదు.

ఫ్లోరోసిస్ ఉన్న మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల వారిలో పక్కటెముకలే మామూలు కంటే తెల్లగా కనిపించవచ్చు. మచ్చ ఎముకదా, ఊపిరితిత్తిదా అన్నది సన్నని స్లైసుల సీటీ చెబుతుంది. కాల్షియం గడ్డ నడిమధ్యనో, పొరలుగానో, అంతటా సమానంగానో ఉంటే అది సాధారణంగా మానిన ఇన్ఫెక్షన్. మక్క పేలాల్లా ఉండి లోపల కొవ్వు కూడా కనిపిస్తే హామర్టోమా, అది క్యాన్సర్ కాదు. ఒక పక్కకే ఉన్నా, చుక్కలుగా చెదిరి ఉన్నా ఇంకా చూడాలి. ఇంతకుముందు ఎముక క్యాన్సర్ వచ్చినవారిలో మాత్రం ఏ ఆకారాన్నీ నమ్మవద్దు. అక్కడి నుంచి పాకిన గడ్డలు తామే ఎముకను తయారు చేస్తాయి.

సమస్య: ఒకే వైపు పిల్లికూతలు, అదే చోట మళ్లీ మళ్లీ న్యుమోనియా, తెమడలో రక్తం.

ఇక్కడే ఎక్కువ ఆలస్యం జరుగుతుంది. దమ్ము అని ఇన్‌హేలర్, తర్వాత పరీక్షలో టీబీ తేలకపోయినా టీబీ మందులు, ఇలా ఏళ్లు పోతాయి. కారణం గాలిగొట్టంలో మెల్లగా పెరిగే కార్సినాయిడ్ అనే క్యాన్సర్ గడ్డ కావచ్చు, మొదట చెప్పిన కాల్షియం ఏర్పడే గడ్డల్లో ఇదొకటి. పొగ అలవాటు లేని యువతీయువకుల్లోనూ వస్తుంది. కాంట్రాస్ట్ సీటీ, బ్రాంకోస్కోపీ (గాలిగొట్టంలోకి కెమెరా గొట్టం పంపి చూడటం) చేయించాలి. దీనికి రక్తనాళాలు ఎక్కువ కాబట్టి రక్తస్రావాన్ని ఆపగలిగే సదుపాయం ఉన్న చోటే ముక్క తీయించుకోవాలి. మామూలు పెట్ స్కాన్‌లో ఇది వెలగకపోవచ్చు, ఇలాంటి గడ్డల కణాలకు అంటుకునే మందుతో చేసే డోటాటేట్ పెట్ దీనికి మెరుగు.

సమస్య: రెండేళ్లుగా పెద్దగా పెరగలేదు.

నిశ్చింతగా ఉండటానికి ఇది చాలదు. 10 మిల్లీమీటర్ల గడ్డ 12.6 అయితే ఘనపరిమాణం రెట్టింపైనట్టే, కంటికి మాత్రం తేడా తెలియదు. దయచేసి పాత ఫిల్ములు పారేయకండి, పక్కపక్కన పెట్టి కొలిపించండి.

సమస్య: బయాప్సీలో 'స్మాల్ సెల్' (వేగంగా పెరిగే ఊపిరితిత్తి క్యాన్సర్) అని వచ్చింది, గడ్డ తీరు చూస్తే అలా లేదు.

చిన్న ముక్క నలిగితే కార్సినాయిడ్ కణాలు అలా కనిపించగలవు. కీమో మొదలుపెట్టే ముందే కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే కేఐ-67 పరీక్ష అడగండి, స్లైడ్లు, ముక్కను దాచిన మైనం బ్లాకులు తీసుకుని హైదరాబాద్‌లోని నిమ్స్ లేదా ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి వంటి చోట రెండో అభిప్రాయం తీసుకోండి. కార్సినాయిడ్ అని తేలి, పాకకపోతే సర్జరీయే ప్రధాన చికిత్స. ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.