ఇద్దరూ కారులో టూర్‌కి బయల్దేరుతున్నారా? ఎండను బట్టి ప్లాన్ వేసుకోండి

మా ఆయనా నేనూ మొదటిసారి కారులో వారం రోజుల ట్రిప్ వేసుకున్నప్పుడు, చూడాల్సినవన్నీ మ్యాప్‌లో వరసగా గుర్తుపెట్టుకున్నాం. నాలుగు నగరాలు, ఒక జలపాతం, ఒక పెద్ద లోయ. మూడో రోజు లోయ దగ్గరికి చేరేసరికి చీకటి పడింది. రెయిలింగ్ పట్టుకుని వంగి చూస్తే, కిందనుంచి గాలి కొట్టింది, అంతే. ఇంకేమీ కనబడలేదు. అప్పట్నుంచి మేం ముందు ఎండ సంగతి చూసుకుని, ఆ తర్వాతే కిలోమీటర్లు లెక్కేసుకుంటున్నాం.

కొండలూ లోయలూ పొద్దున్నే చూడాలి, లేదంటే సాయంత్రం. నడినెత్తిన ఎండ ఉంటే నీడలు పడవు, రాళ్ల లోతు తెలియదు. జలపాతం దగ్గర ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి, తుంపర్లు ఎదురుగా ఉండాలి. అందుకే తూర్పు ముఖంగా పడే జలపాతానికి పొద్దున, పడమటి ముఖంగా పడేదానికి సాయంత్రం వెళ్లండి. పొద్దుగుంకడానికి ఎంత టైముందో తెలియాలంటే చెయ్యి బారుగా చాచి, సూర్యుడి కింద వేళ్లు అడ్డంగా పెట్టండి. నేల అంచు దాకా ఎన్ని వేళ్లు పడితే సుమారుగా అన్ని పావుగంటలు. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి. మునిగిపోగానే కారెక్కేయొద్దు, మంచి రంగులు చాలాసార్లు ఆ తర్వాతి 20 నిమిషాల్లోనే వస్తాయి.

డ్రైవింగ్ పగటిపూట మధ్యలో పెట్టుకోండి. భోజనం అయ్యాక కునుకు పట్టే టైము కాబట్టి రెండు గంటలకోసారి ఆగి సీట్లు మారండి. పక్కన కూర్చున్నవాళ్లదే మ్యాప్, వాళ్లదే ఫోన్. దారి తప్పితే "నేను చెప్పానుగా" అనే మాట కారులో వద్దు. మా ఇంట్లో ఇది గట్టి రూలు.

టైర్లలో గాలి బయల్దేరకముందే, అవి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు తొక్కిపెట్టి ఉంచకండి, వేడెక్కి పట్టు తగ్గుతుంది. తక్కువ గేరులో దిగండి. 1000 మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల చలి పెరుగుతుంది. స్వెటర్లు డిక్కీలో కాదు, వెనక సీట్లో పెట్టుకోండి.

నగరాల్లో కారు బస దగ్గరే వదిలేసి నడవండి. ఒక్కో నగరంలో రెండు రాత్రులైనా ఉండండి. రోజుకి ఒక చోటు ఆయన ఎంచుకుంటారు, ఒకటి నేను. మా ఆయనకి పాత వంతెనలంటే ప్రాణం. మొదట్లో విసుక్కునేదాన్ని, ఇప్పుడు రాతి కమానుల కింద నిలబడి, పైన నట్టనడుమ బిగించిన మధ్యరాయి ఎక్కడుందో నేనే ముందు వెతుకుతున్నాను.

చివరి రోజు ఏమీ రాసుకోకుండా ఖాళీగా ఉంచండి. రెండో ట్రిప్‌లో అలా మిగిలిన రోజునే మళ్లీ ఆ లోయకి వెళ్లాం. పొద్దున్నే అదే రెయిలింగ్ దగ్గర నిలబడ్డాం. ఎండ అంచు ఎదుటి గోడమీంచి మెల్లగా కిందికి జారుతూ ఉంటే, చాలాసేపటికి అడుగున నది సన్నటి గీతలా బయటపడింది.