విశాఖ చూడటానికి బయల్దేరే ముందు

అన్నిటికంటే ముందు సముద్రం సంగతి. ఆర్కే బీచ్‌లో గానీ యారాడలో గానీ పాదాలు తడుపుకుని ఆగండి, లోతుకి దిగొద్దు. అల వెనక్కి లాగేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, నిలబడ్డ మనిషి కూలబడతాడు, రెండో అల లేవనివ్వదు. పిల్లల చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకండి, ఫొటో కోసమైనా సరే.

కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. సోమవారం సెలవు. లోపల దారి ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఆ మాట ముందే చెప్పండి.

బొర్రా గుహల మెట్లు తడిగా ఉంటాయి, జారని చెప్పులు వేసుకోండి. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కితే సొరంగాలు వరసగా వస్తాయి, తలా చేతులూ లోపలే. చలికాలం అరకుకి స్వెటర్ తప్పదు.