హమ్ లేని ట్యూబ్ గిటార్ ప్రీయాంప్ ఇంట్లోనే కట్టుకోవడం ఎలా?

ఇంట్లో కట్టిన ట్యూబ్ ప్రీయాంప్ (గిటార్ సన్నటి సిగ్నల్‌ని పవర్ ఆంప్‌కి ముందే పెంచే పెట్టె) ఎవరైనా చూపిస్తే నేను ముందు గిటార్ తగిలించను. వాల్యూమ్ మొత్తం పెంచి స్పీకర్ దగ్గర చెవి పెడతాను. చాలావరకు గుయ్‌మంటూనే ఉంటాయి. కట్టినవాళ్లేమో "ట్యూబులంటే అంతే కదండీ" అంటారు. అంతే కాదు. సరిగ్గా కట్టిన ప్రీయాంప్‌లో వినిపించేది సన్నగా సుస్సుమనే శబ్దం మాత్రమే. ఆ గుయ్యికి, అంటే హమ్‌కి, కారణం దాదాపు ఎప్పుడూ గ్రౌండ్ వైర్లను (కరెంటు తిరిగొచ్చే దారులను) ఎక్కడ పడితే అక్కడ కలిపేయడమే. అందుకే మిగతా పనులన్నీ గబగబా చెప్పేసి, గ్రౌండ్ దగ్గర మాత్రం తీరిగ్గా మాట్లాడతాను.

మొదలుపెట్టేముందు

ఈ పెట్టెలో 300 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. అది ప్రాణం తీయగలదు. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో ఆ వోల్టేజ్ నిలిచే ఉంటుంది. కాబట్టి లోపల చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్ పీకి, రెండు నిమిషాలు ఆగి, మొదటి ఫిల్టర్ కెపాసిటర్ (పవర్ సప్లైలోని 47 మైక్రోఫారడ్‌ది) మీద మీటర్ పెట్టి 10 వోల్టుల కంటే తక్కువుందని కళ్లతో చూడండి. ఇందాకే చూశాను కదా అని వదిలేయొద్దు. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే మీటర్ నల్ల తీగను క్లిప్పుతో చాసిస్‌కి (లోహపు పెట్టెకి) పట్టించి, ఎర్ర ప్రోబ్‌ను ఒక చేత్తోనే పట్టుకోండి. రెండో చెయ్యి వీపు వెనక ఉండాలి. హై వోల్టేజ్‌తో ఇంతకుముందు ఎప్పుడూ పని చేయకపోతే, చేసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి.

సామాన్లు

ఒక 12ఏఎక్స్7 ట్యూబ్, తొమ్మిది పిన్నుల సాకెట్, అల్యూమినియం చాసిస్, ట్యాగ్ బోర్డ్, రెసిస్టర్లు, కెపాసిటర్లు, పాట్‌లు (తిప్పితే విలువ మారే రెసిస్టర్లు), రెండు జాక్‌లు, ఫ్యూజ్ హోల్డర్, స్విచ్, మూడు తీగల పవర్ కార్డ్. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ మీ ఇంటి కరెంటుకి సరిపోవాలి. సెకండరీలు రెండు కావాలి: 200 వోల్టులది ఒకటి, 6.3 వోల్టులది ఒకటి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మెయిన్స్‌ని నేరుగా రెక్టిఫై చేసే (డీసీగా మార్చే) సర్క్యూట్ ఎక్కడైనా కనబడితే దాన్ని ముట్టుకోవద్దు. గిటార్ తీగలు కరెంటు తీగలైపోతాయి.

రెసిస్టర్లన్నీ మెటల్ ఫిల్మ్‌వే కొనండి. పాతకాలపు కార్బన్ కాంపొజిషన్ రెసిస్టర్లలో ఏదో మాధుర్యం ఉందనేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటి స్టేజ్‌లో (సిగ్నల్‌ని మొదట పెంచే దశలో) అవి ఎక్కువగా చేర్చేది సుస్సుమనే శబ్దమే. హై వోల్టేజ్ ఉన్న చోట అర వాట్ కంటే చిన్న రెసిస్టర్ వాడొద్దు. వేడి ఒక్కటే కాదు, పావు వాట్ రెసిస్టర్లు చాలావాటికి 250 వోల్టులే పరిమితి.

12 వోల్టుల అడాప్టర్‌తో ట్యూబ్‌ని వెలిగించే కిట్లు కూడా దొరుకుతాయి. షాక్ భయం లేదు, నిజమే. కానీ ప్లేట్ (ట్యూబ్‌లో హై వోల్టేజ్ అందే భాగం) మీద 12 వోల్టులే ఉంటే ఈ ట్యూబ్‌లో కరెంటు సరిగ్గా పారదు. సిగ్నల్ పెరగడానికి చోటే ఉండదు. అలాంటి కిట్లలో చాలావాటికి అసలు గెయిన్ (సిగ్నల్ పెంపు) ఇచ్చేది పక్కనున్న ఆప్‌యాంప్ చిప్పే. ఈ ట్యూబ్ ప్లేట్‌కి 150 వోల్టులు దాటితేనే, మీటితే వెంటనే స్పందించి గట్టిగా వాయిస్తే మెల్లగా చిట్లే ఆ ధ్వని వస్తుంది. అది కావాలనుకునేవాళ్ల కోసమే ఈ వ్యాసం.

సర్క్యూట్

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఒకే 12ఏఎక్స్7లో రెండు ట్రయోడ్‌లు (సిగ్నల్‌ని పెంచే భాగాలు) ఉంటాయి. రెండు స్టేజ్‌లు, మధ్యలో టోన్ కంట్రోల్. ఫెండర్ ఆంప్‌లలో దశాబ్దాలుగా నిలబడ్డ పద్ధతి ఇదే.

ఇన్‌పుట్ జాక్ కొన నుంచి గ్రౌండ్‌కి 1 మెగ్ (పది లక్షల ఓమ్‌లు) రెసిస్టర్, అదే కొన నుంచి 68కె (కె అంటే వెయ్యి ఓమ్‌లు) ద్వారా పిన్ 2కి. పిన్ 1కి 100కె ద్వారా హై వోల్టేజ్. పిన్ 3 నుంచి గ్రౌండ్‌కి 1.5కె, దానికి సమాంతరంగా 25 మైక్రోఫారడ్ కెపాసిటర్, ప్లస్ పిన్ వైపు. ఈ విలువలకు గెయిన్ సుమారు 60 వస్తుంది. 68కె రెసిస్టర్‌ని జాక్ దగ్గర కాకుండా సాకెట్ పిన్‌కి ఆనించి సోల్డర్ చేయండి. దూరంగా పెడితే మధ్యలో ఉన్న వైరు యాంటెనాలా పనిచేసి, ఏదో ఒక రేడియో స్టేషన్ మీ స్పీకర్‌లో మాట్లాడుతుంది.

పిన్ 1 నుంచి 250 పీకోఫారడ్ ద్వారా ట్రెబుల్ పాట్ పైకొనకి. మళ్లీ పిన్ 1 నుంచే 100కె, దాని రెండో కొస నుంచి 0.1 మైక్రోఫారడ్ ట్రెబుల్ పాట్ కిందికొనకి, 0.047 బాస్ పాట్ కిందికొనకి. బాస్ పాట్ పైకొన, మధ్యకాలు రెండూ కలిపి ట్రెబుల్ కిందికొనకి. బాస్ కిందికొన నుంచి గ్రౌండ్‌కి 6.8కె. ఈ రెండు పాట్‌లూ 250కె. ట్రెబుల్ మధ్యకాలు 1 మెగ్ లాగ్ (లాగరిథమిక్) వాల్యూమ్ పాట్‌కి, దాని మధ్యకాలు పిన్ 7కి. రెండో స్టేజ్ మొదటిదానిలాగే: పిన్ 6కి 100కె, పిన్ 8కి 1.5కె, 25 మైక్రోఫారడ్. పిన్ 6 నుంచి 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల కెపాసిటర్ ద్వారా 250కె లాగ్ మాస్టర్ పాట్‌కి (చివరి వాల్యూమ్‌కి), అక్కడ్నుంచి ఔట్‌పుట్ జాక్‌కి. టోన్ కెపాసిటర్ల మీద కూడా ప్లేట్ వోల్టేజ్ ఉంటుంది కనుక అన్నీ 400 వోల్టులు దాటినవే కావాలి.

పవర్ సప్లై

200 వోల్టుల సెకండరీని నాలుగు 1ఎన్4007 డయోడ్‌ల బ్రిడ్జ్‌కి ఇవ్వండి. 280 వోల్టుల పైచిలుకు డీసీ వస్తుంది. మొదట 47 మైక్రోఫారడ్, 450 వోల్టుల కెపాసిటర్. తర్వాత 10కె, 22 మైక్రోఫారడ్: ఇక్కడ్నుంచి రెండో స్టేజ్‌కి. మళ్లీ 10కె, 22 మైక్రోఫారడ్: ఇక్కడ్నుంచి మొదటి స్టేజ్‌కి. మొదటి కెపాసిటర్ కాళ్ల మధ్య 220కె, 2 వాట్ల రెసిస్టర్ తప్పనిసరి. స్విచ్ ఆపాక కెపాసిటర్లను ఖాళీ చేసేది అదే. సుమారు ఒకటిన్నర నిమిషంలో వోల్టేజ్ ప్రమాదం లేనంతకు దిగిపోతుంది. అయినా మీటర్‌తో చూడటం మానొద్దు, ఆ రెసిస్టర్ ఒక కాలు ఊడిపోయి ఉండొచ్చు.

హీటర్‌కి (ట్యూబ్‌ని లోపల వేడిచేసే తీగకి) పిన్ 4, 5 కలిపి ఒక తీగ, పిన్ 9కి రెండో తీగ. రెండు తీగలనూ గట్టిగా పేనాలి, సాకెట్ పిన్ దాకా. చివరి రెండంగుళాలు విడిపోయి ఉన్న వైరింగ్ ఎన్నిసార్లు చూశానో! ఆ రెండంగుళాలే గ్రిడ్ (సిగ్నల్ ట్యూబ్‌లోకి వెళ్లే పిన్) పక్కన ఉంటాయి. ఆ తీగల్ని చాసిస్ మూలకి అణిచి తీసుకెళ్లండి. 6.3 వోల్టుల రెండు కొసల నుంచీ చెరొక 100 ఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కి వెయ్యండి. దీన్ని మర్చిపోతే మిగతాదంతా ఎంత శుభ్రంగా కట్టినా హమ్ వస్తుంది.

గ్రౌండ్: ఇక్కడ తొందరపడొద్దు

ముందు ఎందుకో అర్థం చేసుకుంటే ఎలా అనేది దానంతటదే వస్తుంది.

బ్రిడ్జ్ నుంచి మొదటి కెపాసిటర్‌కి కరెంటు ధారగా పారదు. ఏసీ తరంగం శిఖరం దగ్గర మాత్రమే, క్షణకాలం, ఒక్కసారిగా దూకుతుంది. 50 హెర్ట్జ్ మెయిన్స్ అయితే సెకనుకు 100 సార్లు. ఒక్కో దూకుడు 50 మిల్లీయాంపులు అనుకుందాం. అది తిరిగొచ్చే దారిలో 0.02 ఓమ్ ఉంటే, అంటే కాస్త పొడవైన వైరో వదులు బోల్టో ఉంటే చాలు, 1 మిల్లీవోల్ట్ పుడుతుంది. మొదటి ట్యూబ్ స్టేజ్ గ్రౌండ్ కూడా అదే దారిలో ఉంటే ఆ మిల్లీవోల్ట్ గిటార్ సిగ్నల్‌తో కలిసి 60 రెట్లు పెరుగుతుంది. తర్వాత ఇంకో స్టేజ్ ఉంది. మురుగునీరూ మంచినీరూ ఒకే గొట్టంలో వదిలి, చివర్లో ఎంత ఖరీదైన ఫిల్టర్ పెడితే మాత్రం ఏం లాభం?

కాబట్టి బ్రిడ్జ్ నెగెటివ్ తీగ పొట్టిగా, లావుగా, నేరుగా మొదటి కెపాసిటర్ నెగెటివ్ కాలికే వెళ్లాలి. మధ్యలో మరేదీ దానికి తగలకూడదు. ఆ కాలి నుంచే గ్రౌండ్ బస్ (గ్రౌండ్‌లన్నీ వరసగా కలిసే ఒకే తీగ) మొదలవుతుంది. బస్‌కి లావుపాటి తగరం పూత రాగి తీగ వాడండి.

ఆ బస్ మీద వరస ముఖ్యం. మొదటి కెపాసిటర్ తర్వాత రెండో కెపాసిటర్, దాని పక్కనే రెండో స్టేజ్ గ్రౌండ్‌లన్నీ: 1.5కె, 25 మైక్రోఫారడ్, మాస్టర్ పాట్, వాల్యూమ్ పాట్. తర్వాత మూడో కెపాసిటర్, దాని పక్కన మొదటి స్టేజ్ గ్రౌండ్‌లు, టోన్ కంట్రోల్ 6.8కె. అన్నిటికన్నా చివర ఇన్‌పుట్ జాక్. ప్రతి స్టేజ్ గ్రౌండ్ దానికి కరెంటిచ్చే కెపాసిటర్ దగ్గరే బస్‌ని కలవాలి.

ఈ బస్ చాసిస్‌ని తాకేది ఒక్కచోటే, ఇన్‌పుట్ జాక్ దగ్గర. జాక్ స్ప్రింగ్ చాసిస్‌కి తగులుతోంది కదా అని దాన్ని నమ్ముకోవద్దు. పక్కనే బోల్టు వేసి, లావు తీగతో సోల్డర్ ట్యాగ్‌కి కట్టండి. ఔట్‌పుట్ జాక్‌ని ప్లాస్టిక్ వాషర్లతో చాసిస్‌కి తగలకుండా బిగించండి. పాట్‌ల వీపు మీద గ్రౌండ్ తీగలు సోల్డర్ చేసే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. పాట్ వీపు చాసిస్‌కి తగిలే ఉంటుంది కాబట్టి ప్రతి సోల్డర్ చుక్కా ఒక కొత్త దారి తెరుస్తుంది.

ఇక మెయిన్స్ ఎర్త్ సంగతి. అది ఈ బస్‌తో సంబంధం లేకుండా, పవర్ కార్డ్ లోపలికొచ్చిన చోటే, తనకంటూ వేరే బోల్టుతో చాసిస్‌కి బిగియాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ని పట్టుకున్న బోల్టు దీనికి పనికిరాదు. ఆ చోట రంగు గీకేసి, పళ్లున్న వాషర్ వేసి, రెండు నట్లు బిగించండి. ఎర్త్ తీగని మిగతా రెండిటికన్నా కాస్త పొడుగ్గా వదలండి. ఎవరైనా కార్డ్ లాగేసినా చివరగా తెగేది అదే కావాలి. ఫ్యూజ్ లైన్ తీగలో ఉండాలి, ట్రాన్స్‌ఫార్మర్ తయారీదారు చెప్పిన రేటింగ్‌లో. స్విచ్ లైన్, న్యూట్రల్ రెండిటినీ తెంచేది కొనండి.

హమ్ పోవడానికి ఎర్త్ పిన్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. దయచేసి వినొద్దు. లోపల లైన్ తీగ ఊడి చాసిస్‌కి తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజ్ పోతుంది. ఎర్త్ లేనప్పుడు చాసిస్ నుంచి జాక్‌కి, జాక్ నుంచి గిటార్ తీగలకి, అక్కడ్నుంచి మీ చేతికి వస్తుంది. ప్రీయాంప్‌నీ పవర్ ఆంప్‌నీ కలిపినప్పుడే హమ్ వస్తోందంటే, రెండిటి మధ్య సిగ్నల్ దారిలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఎర్త్‌ని మాత్రం ముట్టుకోవద్దు.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

ట్యూబ్ పెట్టకుండా, 40 వాట్ల ఫిలమెంట్ బల్బుని లైన్ తీగతో సీరీస్‌లో పెట్టి స్విచ్ వెయ్యండి. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. అంతా బాగుంటే ఆపి, కెపాసిటర్ ఖాళీ అయ్యాక ట్యూబ్ పెట్టి, బల్బు తీసేసి మళ్లీ వెయ్యండి. నిమిషం తర్వాత పిన్ 3, 8 దగ్గర 1.2 నుంచి 1.6 వోల్టులు, పిన్ 1, 6 దగ్గర 150 నుంచి 190 వోల్టులు కనబడాలి. కాథోడ్ (పిన్ 3, 8) దగ్గర సున్నా, ప్లేట్ (పిన్ 1, 6) దగ్గర మొత్తం వోల్టేజ్ ఉంటే ట్యూబ్‌లో కరెంటు పారడం లేదు. హీటర్ తీగలు చూడండి. ఔట్‌పుట్ జాక్ దగ్గర డీసీ సున్నా ఉందని నిర్ధారించుకోకుండా దేనికీ తగిలించవద్దు. మాస్టర్ పూర్తిగా తగ్గించి పెట్టి, మీటరో రెండు మీటర్లో ఉన్న కేబుల్‌తో పవర్ ఆంప్‌కి కలపండి.

ఇంకా గుయ్‌మంటుంటే దాని శ్రుతి వినండి. గిటార్ ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద మోగే జి స్వరం 98 హెర్ట్జ్. హమ్ దానికి దగ్గరగా ఉంటే అది 100 హెర్ట్జ్. కెపాసిటర్ల దగ్గర గ్రౌండ్ వరస మళ్లీ చూసుకోండి. దానికి ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద, లోతుగా ఉంటే అది 50 హెర్ట్జ్. హీటర్ తీగలు, 100 ఓమ్ రెసిస్టర్లు, లేదా ఇన్‌పుట్‌కి మరీ దగ్గరగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్. 60 హెర్ట్జ్ మెయిన్స్ ఉన్న చోట మొదటి రకం హమ్ అయిదో తీగ రెండో ఫ్రెట్ దగ్గరికి వస్తుంది. వాల్యూమ్ తిప్పితే హమ్ మారుతోందంటే తప్పు వాల్యూమ్ కంటే ముందుంది, మారకపోతే తర్వాత ఉంది.

హమ్ తగ్గాక ఎండు కర్రపుల్లతో ప్రతి జాయింటునీ మెల్లగా తట్టండి. ఎక్కడ పటపటమంటే అక్కడ, అన్నీ ఆపి, కెపాసిటర్ ఖాళీ చేసి, మళ్లీ సోల్డర్ చేయండి. ట్యూబ్‌నే తట్టినప్పుడు గంటలా మోగితే అది మైక్రోఫోనిక్. వేరే ట్యూబ్ పెట్టి చూడండి. ఆ తర్వాతే చాసిస్‌కి మూత బిగించండి, అదీ లోహపు మూతే.